నేను చేయని ఉపవాసం

న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లోని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో కొంతకాలం నాకు గొప్ప భక్తురాలినని పేరుండేది. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులూ మెతుకు ముట్టకుండా ప్రార్థన చేసి జబ్బు నయం చేసుకున్న మనిషినని, కొత్తగా వచ్చినవాళ్ళకి నన్ను చూపించేవారు. ఆ ఉపవాసం నేను చేయలేదు. ఆ మాటను నేను పుట్టించలేదు, నిజమే. కానీ దాన్ని పెంచి పెద్దచేసింది మాత్రం నేనే.

నాది పేగుల వాపు జబ్బు. అందులో క్రోన్స్ అనే రకం. ఒంట్లోని రక్షణశక్తి దారి తప్పి సొంత పేగుల మీదే పడుతుంది, అవి వాచి పుండ్లు పడతాయి. ఆ పేరు తెలియడానికే ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను ఎవరింటికి వెళ్ళినా ముందు బాత్రూం ఎటుందో చూసుకుని, తర్వాత వందనాలు చెప్పేదాన్ని. సూపర్‌మార్కెట్‌లో సగం నింపిన ట్రాలీని అలాగే వదిలేసి పరుగెత్తిన రోజులున్నాయి. ఒకసారి కారు సీటు కడుక్కోవలసి వచ్చింది. మా ఆయన బకెట్ పట్టుకొస్తే, "నువ్వు లోపలికెళ్ళు" అని కసిరాను. కసరడం నాకు బాగా వచ్చు. సిగ్గేసినప్పుడు ఇంకా బాగా వస్తుంది.

ఇంతకీ నేను నర్సుని. పన్నెండేళ్ళుగా రెస్ట్ హోమ్‌లో పని. ముసలివాళ్ళకి రోజుకి ఎన్నిసార్లు అయింది, ఎలా అయింది అని ప్రతి డ్యూటీలోనూ చార్టులో రాస్తాను. వాళ్ళు మొహం తిప్పుకుంటే, "సిగ్గుపడకండి, ఇది మాకు రోజూ ఉండేదే" అంటాను. అనీ అనీ ఆ మాట అరిగిపోయింది. ఇలాంటివాళ్ళని చూసి మా అమ్మ 'చెప్పేవి శ్రీరంగ నీతులు' అనేది. మాది చర్చికెళ్ళే ఇల్లు కాబట్టి మిగతా సగం పైకి అనేది కాదు.

మా సహవాసంలో నేనొక్కదాన్నే నర్సుని కాదు. ఆదివారం మధ్యాహ్నం ఒక స్థానిక కివీ చర్చి వాళ్ళ హాలు అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకుంటాం. అక్కడ ఎటు చేయి చాపినా నర్సుకో కేర్‌గివర్‌కో తగులుతుంది. అయినా ఎవరి జబ్బు గురించి వాళ్ళు పైకి చెప్పరు. బీపీ, షుగర్ అయితే ప్రార్థన అంశాల్లో రాసిస్తారు. మోకాళ్ళ నొప్పి అయితే మైకులోనే చెబుతారు. నడుము కిందికి దిగిన జబ్బు మాత్రం 'అనారోగ్యం' అనే ఒక్క మాటలోకి వెళ్ళిపోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా, నా విషయంలో అది సామెత కాదు, రోజువారీ భయం.

నేను చిక్కిపోతుంటే వాళ్ళు ఊరుకోలేదు. మజ్జిగలో మెంతులన్నారు, జీలకర్ర కషాయమన్నారు. ఒకామె నన్ను పక్కకి తీసుకెళ్ళి మళ్ళీ నెల తప్పానేమోనని అడిగింది. నలభై రెండేళ్ళదాన్ని, నవ్వేసి ఊరుకున్నాను.

స్టెరాయిడ్లు వాడితే ముఖం ఉబ్బింది, ఆపగానే మళ్ళీ మొదలైంది. స్పెషలిస్టు ఇంకో మాత్ర మొదలుపెట్టి, అది పని చేయడానికి కొన్ని నెలలు పడుతుంది, ఈలోగా డైటీషియన్‌ని కలవమన్నాడు. నాకు నామోషీ అనిపించింది. పన్నెండేళ్ళుగా డైటీషియన్లు రాసిచ్చిన కాగితాలు పేషెంట్లకి చదివి వినిపించేదాన్ని, ఇప్పుడు నాకు ఒకరు తిండి నేర్పడమేమిటని.

ఆ డైటీషియన్ ఫిజీలో పుట్టిన మనిషి. ముత్తాతల కాలంలో చెరకు తోటల పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి. తెలుగు రాదు. "మా నాన్నమ్మ అన్నాన్ని బువ్వ అనేది. నాకు మిగిలింది ఆ ఒక్క మాటే" అని ఇంగ్లీషులో చెప్పింది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగేవి. ఆ బువ్వ అనే మాట మాత్రం ఆమె ప్రతిసారీ తెలుగులోనే అనేది.

వెళ్ళేముందు వారం రోజుల పాటు తిన్నదంతా రాసి తెమ్మన్నారు. చక్కగా గీతలు గీసి రాసుకెళ్ళాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం కోడిమాంసం సూపు, టోస్టు, రాత్రి ఉడికించిన కూరగాయలు. ఆమె రెండు పేజీలూ చదివి, నా వంక చూసి, "ఇది మీ రెస్ట్ హోమ్ మెనూ. మీ ఇంట్లో ఏం వండుతారు?" అంది. గోంగూర సంగతీ, ఎండుచేపల సంగతీ, తెల్లవారితే డ్యూటీ అనగా ఏమీ తినకుండా పడుకునే సంగతీ అప్పుడు చెప్పాను. అక్కడైనా పూర్తిగా చెప్పానా అంటే అదీ లేదు. రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నారని అడిగితే మొహం తిప్పుకున్నాను. ఆమె కాగితం నా వైపు జరిపింది. పద్నాలుగు అని రాయాల్సినచోట ఏడు అని రాశాను. ఏ పేషెంటైనా నా దగ్గర అలా తగ్గించి చెబితే పట్టేసి ఉండేదాన్ని.

ఆమె చెప్పిన ఉపాయం ఇది. ఆరు వారాలపాటు తిండి పూర్తిగా మానేయాలి. దాని బదులు, ఒంటికి కావలసినవన్నీ ఉండే పాలలాంటి డ్రింకు రోజుకి ఏడు బాటిళ్ళు తాగాలి. వాటితోపాటు నీళ్ళు, అంతే. పేగుకి విశ్రాంతి దొరికి వాపు తగ్గుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కటే తిండి కలుపుకుంటూ వెళ్ళాలి. నా రకం జబ్బుకి ఇది పనిచేస్తుందని, మాత్ర మాత్రం ఆపకూడదని రెండుసార్లు చెప్పింది.

"తాగడం కష్టం కాదు. అందరూ తింటుంటే ఊరికే కూర్చోవడమే కష్టం. కాబట్టి దాక్కుని తాగొద్దు. టేబుల్ దగ్గర అందరితో కూర్చుని తాగండి. మీవాళ్ళకి చెప్పండి" అంది.

"చెబుతాను" అన్నాను.

ఫార్మసీ నుంచి మా ఆయన అట్టపెట్టెలు మోసుకొచ్చి గరాజ్‌లో పేర్చాడు. మొదటి బాటిల్ తాగిన రోజు ఏ రోజో చూసుకోలేదు. ఆ వారంలోనే, శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారం వచ్చింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో భోజనాలు. నేను పళ్ళెం తీసుకోలేదు. స్త్రీల కూడిక నడిపే ఆంటీ గారు, రిటైరైన నర్సు, పులిహోర గరిటె చేతిలో పట్టుకుని ఆగింది.

"ఏమ్మా, తినట్లేదే? ఉపవాసం పట్టావా?"

తల ఊపాను. నేను చేసింది అంతే. కాదు ఆంటీ, నాకు పేగుల జబ్బు, పాల బాటిళ్ళ మీద ఉన్నాను అని చెప్పడానికి పది క్షణాలు చాలు. కానీ వెనకాల ఇంకో నలుగురు పళ్ళేలతో నిలబడి ఉన్నారు. పేగులు అనగానే ప్రశ్నలు ఎక్కడిదాకా వెళ్తాయో నాకు తెలుసు. ఊపిన తల ఊపినట్టే ఉంచాను.

తర్వాతి ఆదివారం కూడా తినలేదు. "సాయంత్రం ఉపవాసం విడిచిపెడతావా మరి?" అని ఆంటీ గారు అడిగితే, లేదన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. మూడో ఆదివారానికి ఆ మాట హాలంతా పాకింది. జ్యూసుల మీదే ఉంటోందట అన్నారు. డ్యూటీలు మానకుండా చేస్తోందట అన్నారు. ఒకామె తన కూతురి వీసా కోసం ప్రార్థించమని నా చేతులు పట్టుకుంది. ఉపవాసం మనుషులకి కనబడేలా చేయొద్దని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నాను. అసలు చేయని ఉపవాసాన్ని కనబడేలా చేసే మనుషులుంటారని మాకు నేర్పిన టీచరుకి కూడా తట్టి ఉండదు.

ఆరాధన మధ్యలో నా డ్రింకు వేళ అయ్యేది. ఏదో మరిచిపోయినట్టు కారు దగ్గరికి వెళ్ళి, సీట్లో కిందికి జారి, వెనిల్లా బాటిల్ ఒకటి గటగటా తాగి, మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. నా పక్క సీట్లో మా ఆయన ఉండేవాడు.

"వాళ్ళు ఉపవాసం అనుకుంటున్నారు కదా" అన్నాడు ఒకరోజు.

"అనుకోనీ. ఎవరికి నష్టం?"

ఇంకేం అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం నాకు అలవాటైన సుఖం.

డ్రింకు పనిచేసింది. మూడో వారంలో విరేచనంలో రక్తం పడటం ఆగింది. నాలుగో వారంలో ఒకరోజు మొత్తం మీద రెండేసార్లు వెళ్ళానని గ్రహించి బాత్రూంలోనే ఏడ్చాను. ఆరు వారాలు గడిచేసరికి మూడు కిలోలు పెరిగాను. ఉపవాసం చేసి బరువు పెరిగిన మనిషిని మా సహవాసం అంతకుముందు చూడలేదు. బుగ్గలు నిండాయన్నారు, ముఖంలో కళ వచ్చిందన్నారు, అది దేవుని మహిమ అన్నారు. అంతమంది నర్సుల్లో ఒక్కరికీ అనుమానం రాలేదా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వచ్చే ఉంటుంది. యూనిఫాం విప్పాక మాకు ఆశ్చర్యపడటం ఇష్టం.

డైటీషియన్ ప్రతి వారం మూడు విషయాలు అడిగేది. ఏం తాగారు, ఎన్నిసార్లు వెళ్ళారు, ఎవరితో కూర్చుని తాగారు. మూడోదానికి నేను, "ఇంట్లోవాళ్ళతో, చర్చివాళ్ళతో. అందరికీ చెప్పాను, చాలా సపోర్టివ్‌గా ఉన్నారు" అనేదాన్ని. ఆమె సంతోషించి రాసుకునేది.

ఈస్టర్ ఆదివారం పాస్టరు గారు సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే దేవుడు మన జీవితంలో చేసిన మేలుని అందరి ముందూ నిలబడి చెప్పడం. వద్దనొచ్చు. మైకు చేతికివ్వగానే లేచాను. ఏడాదిగా అనారోగ్యంతో ఉన్నానని, కడుపులో జబ్బని, మందులతో తగ్గలేదని, ఈ నలభై రోజుల్లో దేవుడు ముట్టి బాగుచేశాడని చెప్పాను. బాటిళ్ళ ఊసు లేదు, మాత్ర ఊసు లేదు, డైటీషియన్ ఊసు లేదు. అందరూ స్తోత్రం అన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు సిగ్గు వేయలేదు. బాగుంది. ఏడాదిపాటు బాత్రూం తలుపు వెనక కూర్చున్న మనిషికి, వంద మంది తనవైపు ప్రేమగా చూస్తే బాగుండదా? ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు ఆ బాగుండటం గురించే.

ఆ రోజు భోజనాలయ్యాక హాలు వంటగదిలో గిన్నెలు కడుగుతున్నాను. రెండేళ్ళ క్రితం ఊరికి వచ్చిన ఒకమ్మాయి తుడవడానికి వచ్చింది. నాకన్నా పదేళ్ళు చిన్నది. ఇంకో రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్. మనిషి నెమ్మది, నలుగురిలో నోరు విప్పదు. తపేలా తుడుస్తూ తుడుస్తూ, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, మీకు బ్లడ్ కూడా పడేదా?"

నా చేతిలో పీచు ఆగింది. కడుపులో జబ్బు అన్నాను గానీ రక్తం మాట నేను సాక్ష్యంలో ఎత్తలేదు. ఆ ప్రశ్న ఎవరు అడుగుతారో నర్సుకి చెప్పనక్కర్లేదు.

"ఆ, కొంచెం" అన్నాను.

"టాబ్లెట్స్ వాడినా తగ్గలేదన్నారు కదా. ఆ ఫార్టీ డేస్ నిజంగా ఏమీ తీసుకోలేదా అక్కా?"

"ఏమీ తీసుకోలేదు. దేవుని కృప."

ఇంకేదో అడగబోయింది. నేను కుళాయి పెద్దది చేశాను. నీకూ ఉందా తల్లీ, ఎప్పటినుంచి, ఏం మందులు వాడుతున్నావు అని నేను అడగాలి. అడిగితే తనూ అడుగుతుంది. మాట మీద మాట వచ్చి ఎక్కడో నా బాటిల్ బయటపడుతుంది. అందుకని నీళ్ళ చప్పుడులో చేతులు కడుక్కుని, "అన్నం గిన్నె ఎవరిదో కనుక్కుంటా" అంటూ బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత తను నాలుగైదు ఆదివారాలు కనబడింది. ప్రతి వారం ఇంకాస్త పీల్చుకుపోయి ఉండేది. భోజనాల దగ్గర ఉండకుండా వెళ్ళిపోయేది. నేను చూశాను. చూసి, డ్యూటీలు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను. అనుకున్నాను అంటే, అనుకోవడానికి ఒప్పుకున్నాను.

మే నెల చివర్లో సహవాసం గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఫలానా సహోదరి అనారోగ్యంతో ఆసుపత్రిలో ఉంది, ప్రార్థించండి అని. ఏ అనారోగ్యమో లేదు. నాకు మెసేజ్ పూర్తిగా చదవక్కర్లేకపోయింది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ అమ్మాయి మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. చేతికి సెలైన్, పెదవులు తెల్లగా. నన్ను చూసి నవ్వింది. అడగకముందే అంతా చెప్పింది. తనది పెద్దపేగులో వచ్చే రకం. మూడేళ్ళుగా మందు మీద అదుపులోనే ఉంది. ఈస్టర్ తర్వాత మందు ఆపేసి, నీళ్ళూ పళ్ళరసాలతో నలభై రోజుల ఉపవాసం పట్టింది. ముప్పై రెండో రోజున డ్యూటీలో కళ్ళు తిరిగి పడిపోయింది.

"నా విశ్వాసం చాల్లేదు అక్కా. మీలాగ ఉండలేకపోయాను" అంది.

డాక్టర్లు స్టెరాయిడ్లు నరంలోకి ఎక్కిస్తున్నారట. మూడు రోజులు చూస్తారట. తగ్గకపోతే పెద్దపేగు మొత్తం తీసేయాల్సి రావొచ్చన్నారట. అది కూడా నెమ్మదిగానే చెప్పింది. ఆ నెమ్మదితనాన్ని నేను తట్టుకోలేకపోయాను. చెప్పేద్దామని నోరు తెరిచాను.

అప్పుడే కర్టెన్ జరుపుకుని డైటీషియన్ వచ్చింది. నా డైటీషియనే. ఆసుపత్రిలో పేషెంట్లని చూసేది కూడా ఆమేనని నాకు తెలుసు, ఆ సమయానికి గుర్తు రాలేదు. నన్ను చూసింది. పలకరించలేదు. పేషెంటు సంగతి ఇంకొకరి ముందు బయటపెట్టకూడదు గనక, మనం పలకరిస్తేనే వాళ్ళు పలకరిస్తారు. ఆ పద్ధతి నాకూ తెలుసు. నేనూ పలకరించలేదు.

ఈ అమ్మాయి మాత్రం లేచి కూర్చుని, ఇంగ్లీషులో, గర్వంగా పరిచయం చేసింది.

"నేను చెప్పాను చూడండి, మా చర్చి అక్క. ఫార్టీ డేస్ ఏమీ తినకుండా ఉండి, నాలాంటి జబ్బే హీల్ అయిందని. ఈమే."

డైటీషియన్ చేతిలోని ఫైలు మూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ కోపం తెచ్చుకునేదాన్ని. ఏదో లెక్క సరిపోనప్పుడు చూసినట్టు ఒక్క క్షణం చూసింది. ఆరు వారాలు నేను చెప్పిన 'అందరికీ చెప్పాను' అంతా ఆ చూపులో కొట్టుకుపోయింది.

"ఒకరికి ఏది పనిచేసిందో తెలియాలంటే, వాళ్ళు ఏం తీసుకున్నారో మొత్తం తెలియాలి" అంది, ఆ అమ్మాయితోనే.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నాకు డ్యూటీకి టైమవుతోంది" అన్నాను.

ఆ రోజు నాకు సెలవు.

వరండాలో లిఫ్టు కోసం నిలబడితే వెనక అడుగుల చప్పుడైంది. డైటీషియన్. పక్కన ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అంది.

"మీ విషయం నేను చెప్పలేను. మీరు చెప్పగలరు. ఆమె ఇంటికి వెళ్ళాక మళ్ళీ మొదలుపెడతానంటోంది."

కారులో చాలాసేపు కూర్చున్నాను. వెనక్కి వెళ్ళలేదు. వెళ్ళానని రాసుకుంటే బాగుండేది గానీ వెళ్ళలేదు. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటున్న చేయి ఆపి, "ఎవరికి నష్టమన్నావు కదా" అన్నాడు. పెళ్ళైన పదహారేళ్ళలో ఆయన నన్ను అంత మాట అనడం అదే మొదటిసారి. తినకుండా లేచి గరాజ్‌లోకి వెళ్ళి, మిగిలిన బాటిల్ ఒకటి తెచ్చి నా హ్యాండ్‌బ్యాగ్ పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. బాటిల్‌ని తన భోజనం బల్ల మీద పెట్టాను.

తను చేతిలోకి తీసుకుని చూసింది. "ఇది మేము హోమ్‌లో రెసిడెంట్స్‌కి ఇస్తాం కదా అక్కా. బరువు తగ్గిపోతుంటే."

"అవును. నేను ఆ నలభై రోజులూ ఇదే తాగాను. రోజుకి ఏడు. మాత్ర కూడా వేసుకున్నాను. ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఉపవాసం చేయలేదమ్మా. నిన్న వచ్చిన డైటీషియన్ నా డైటీషియనే."

తను బాటిల్ వెనక ఉన్న అక్షరాలన్నీ చదివింది. చదువుతోందో, నా ముఖం చూడటం ఇష్టం లేక అక్కడ చూస్తోందో తెలియదు. నేను ఆగలేక, నీది వేరే రకం, ఇది కూడా నీకు మందు కాదు, డాక్టర్లు చెప్పిందే చేయి, ఇంకెప్పుడూ మందు ఆపకు అని గబగబా చెప్పుకుపోయాను. నర్సు మాటలు. వాటి వెనక దాక్కోవడం నాకు తేలిక.

"నేను మిమ్మల్ని అడిగాను కదా అక్కా" అంది.

"అడిగావు."

"అందరిలో కాదు, పక్కకొచ్చి అడిగాను. నాకూ ఉందని మీకు అర్థం కాలేదా?"

అర్థమైందని చెప్పాను. ఆ ఒక్కదానికైనా అబద్ధం ఆడలేదు. తను గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అటు తిరిగే, "చర్చిలో నా జబ్బు సంగతి చెప్పకండి. మీది మీ ఇష్టం" అంది. బాటిల్‌ని తీసుకెళ్ళమనలేదు, ఉంచమనలేదు. అక్కడే వదిలేసి వచ్చాను.

స్టెరాయిడ్లు చాల్లేదు. ఇంకో మందు ఎక్కించారు. అది పట్టింది. పేగు దక్కింది. ఆ కబురు నాకు తను చెప్పలేదు, గ్రూపులో చూశాను.

తర్వాతి వారం డైటీషియన్ దగ్గరికి వెళ్ళి, మొదటి రోజు రాసిన ఏడు నిజానికి పద్నాలుగని చెప్పాను. సపోర్టివ్‌గా ఉన్న చర్చివాళ్ళ సంగతి కూడా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. పాత చార్టు పక్కనపెట్టి కొత్త కాగితం తీసి, "అయితే మళ్ళీ రాద్దాం. నిన్న బువ్వ ఎవరితో తిన్నారు?" అంది.

ఆ ఆదివారం సాక్ష్యం చెబుతానని నేనే అడిగాను. ఈసారి మైకు బరువుగా ఉంది. ఉపవాసం చేయలేదని, పేగుల జబ్బని, రక్తం పడేదని, పాల బాటిళ్ళు తాగానని, మాత్రలు మింగుతున్నానని చెప్పాను. రోజుకి పద్నాలుగుసార్లని కూడా చెప్పాను. ఎవరూ మందులు ఆపొద్దని చెప్పాను. వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ స్తోత్రం అన్నారు. పాస్టరు గారు వెంటనే పాట ఎత్తుకున్నారు. భోజనాల దగ్గర ఆంటీ గారు నా భుజం తట్టి, "అన్నమైతే ముట్టలేదు కదమ్మా, అదీ ఉపవాసమే. నీ తగ్గింపు, నీ వినయం చూసి దేవుడు సంతోషిస్తాడు" అంది. కాదు ఆంటీ అన్నాను. ఆవిడ అది కూడా తగ్గింపు కిందే వేసుకుంది. ఇద్దరు ముగ్గురు మాత్రం నాతో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు వాళ్ళే నయమనిపించింది.

సెప్టెంబరులో ఆ అమ్మాయి మళ్ళీ ఆరాధనకి వచ్చింది. ముఖం కొంచెం నిండింది. భోజనాల వేళ నేను పప్పు దగ్గర నిలబడి వడ్డిస్తున్నాను. తను వస్తోందని ముందే విని, తనకోసం, ఎవరికీ చెప్పకుండా, కారం లేకుండా పొట్టు తీసిన పెసరపప్పు పలచగా వండి చిన్న గిన్నెలో పక్కన పెట్టాను. వరసలో తన వంతు వచ్చింది. వందనాలు అక్కా అంది. వందనాలు అంటూ ఆ చిన్న గిన్నె ముందుకి జరిపాను.

"ఇందులో కారం వేశారా?"

"లేదమ్మా. పచ్చిమిర్చి కూడా లేదు. ఉప్పు, పసుపు, అంతే. పోపు కూడా వేయలేదు."

"సరే అక్కా" అని పళ్ళెం చాపింది. రెండు గరిటెలు వేశాను. నవ్వింది కూడా. నాలుగడుగులు వేసి, కిటికీ దగ్గర పిల్లలకి అన్నం పెడుతున్న మా ఆయన దగ్గర ఆగింది. ఆ గిన్నెని ఇంటి నుంచి మోసుకొచ్చింది ఆయనేనని చూసినట్టుంది. పళ్ళెం చూపిస్తూ, గొంతు తగ్గించి, అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు తినడం మొదలుపెట్టింది.